ఖాన్ అకాడమీతో ఇంట్లోనే చదువు: రెండేళ్ళు వాడాక నా మాట

మా అబ్బాయి లెక్కల రిపోర్టులో 94 శాతం అని కనపడిన వారంలోనే వాడికి భిన్నాల కూడిక రాదని నాకు తెలిసింది. అప్పటికి మేము వాడుతున్నది ఖాన్ అకాడమీ అనే ఉచిత చదువుల వెబ్‌సైటు కాదు. ఏడాది చందా కట్టి తీసుకున్న వేరే ప్యాకేజీ, అన్ని సబ్జెక్టులూ అందులోనే, రోజువారీ టైం టేబులు కూడా అదే ఇచ్చేది. పిల్లలు సొంతంగా చదువుకుంటారు, పెద్దవాళ్ళు పక్కన కూర్చోనక్కర్లేదు అని చెప్తే నమ్మి తీసుకున్నాం. దాని పేరు రాయను. అలాంటివి చాలా ఉన్నాయి, అన్నిటికీ కలిపి పనికొచ్చే మాట ఒకటే చెప్పాలని ఉంది.

ఆ రోజు వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి 3/4 కి 1/6 కలపమని కాగితం మీద రాసిచ్చాను. క్షణం కూడా ఆలోచించకుండా పైన మూడూ ఒకటీ నాలుగు, కింద నాలుగూ ఆరూ పది, 4/10 అని రాసి పెన్సిల్ పక్కన పెట్టేశాడు. "కన్నా, చపాతీ నాలుగు ముక్కలు చేసి మూడు ముక్కలు తిన్నావు, దానిమీద ఇంకో చిన్న ముక్క కూడా తిన్నావు. అంతా కలిపి సగం చపాతీ కూడా అవ్వలేదంటావా?" అన్నాను. కాసేపు కాగితం వంక చూసి, "కానీ అమ్మా, కంప్యూటర్లో కరెక్టే వచ్చింది" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. మర్నాడు వెనక నిలబడి చూశాను. నాలుగు ఆప్షన్లు ఉన్నాయి, మొదటిది నొక్కాడు తప్పు, రెండోది నొక్కాడు తప్పు, మూడోది నొక్కితే పచ్చ టిక్కు పడి చప్పట్లు వినపడ్డాయి, తర్వాతి ప్రశ్న వచ్చేసింది. ఎందుకు తప్పో ఎక్కడా లేదు. క్విజ్‌లో తక్కువ వస్తే మళ్ళీ రాయొచ్చు, మళ్ళీ అవే ప్రశ్నలు అదే వరసలో వస్తాయి, చివరి మార్కే రిపోర్టులోకి ఎక్కుతుంది. పదేళ్ళ పిల్లాడు ఆ దారి కనిపెట్టడంలో వింతేం లేదు. వాడి తప్పు అస్సలు లేదు. వాడు నేర్చుకోకపోయినా ముందుకు పంపించేలా దాన్ని కట్టారు.

అప్పటినుంచి ఏ ప్రోగ్రాం చూసినా నేను ముందు ఒకటే పని చేస్తాను. డెమోలోకి వెళ్ళి కావాలని తప్పు సమాధానం కొడతాను. అప్పుడు స్క్రీన్ మీద ఏం వస్తుందో చూస్తాను. బొమ్మలు, పాటలు, పాయింట్లు, బ్యాడ్జీలు అన్నీ తర్వాత. పిల్లాడు ఒక్కడే కూర్చుని చదువుకోవాలంటే, తప్పు చేసినప్పుడు పక్కన మనం ఉండం, ఆ ఒక్క క్షణంలో మన బదులు అదే ఉండాలి. అక్కడ చేతులెత్తేసేది ఎంత అందంగా ఉన్నా వద్దు.

మా సంగతి కొంచెం చెప్పాలి. మావారిది కన్సల్టింగ్ ఉద్యోగం, న్యూజెర్సీ నుంచి టెక్సస్ వచ్చేలోపు రెండేళ్ళలో మూడు బళ్ళు మార్చాం. నేను హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉన్నాను. ఒక బడిలో భిన్నాలు మొదలుపెట్టకముందే వచ్చేశాం, ఇంకో బడిలో అవి అయిపోయాక చేరాం. మధ్యలో పడిపోయింది ఏమిటో ఏ టీచరుకీ తెలిసే అవకాశం లేదు. హోమ్‌స్కూలింగ్ చేద్దామనుకున్నది అందుకే. అత్తయ్యగారు ఫోన్లో "పిల్లాణ్ణి బడి మాన్పించడమేంటమ్మా" అని చాలా బాధపడ్డారు, ఆవిడ బాధ నాకు అర్థమైంది, ఆవిడ తరంలో బడి మానడం అంటే చదువు ఆగిపోవడమే. ఇప్పుడు ప్రతి ఆదివారం మనవడు తన నోటుపుస్తకం కెమెరా ముందు పెట్టి చూపిస్తాడు.

టెక్సస్‌లో చట్టం హోమ్‌స్కూల్ వాళ్ళకి చాలా వెసులుబాటు ఇస్తుంది. లీపర్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో ఇచ్చిన తీర్పు ప్రకారం హోమ్‌స్కూల్ ఒక ప్రైవేటు బడి కిందే లెక్క. చదవడం, స్పెల్లింగు, గ్రామరు, లెక్కలు, మంచి పౌరసత్వం, ఈ అయిదూ నిజాయితీగా చెప్పాలి, పాఠ్యాంశం రాతపూర్వకంగా ఉండాలి, అది కంప్యూటర్ తెర మీద కనపడేదైనా ఫర్వాలేదు. పిల్లలకి ప్రభుత్వ పరీక్షలు రాయించక్కర్లేదు. ప్రభుత్వ బడిలో ఉన్న పిల్లల్ని మాన్పిస్తున్నప్పుడు ఫలానా తేదీ నుంచి ఇంట్లో చదివిస్తున్నామని ఒక ఉత్తరం ఇస్తే చాలు. కానీ మీరు న్యూయార్క్‌లో ఉంటే ఏడాది ప్లాను ఇవ్వాలి, మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి. పెన్సిల్వేనియాలో అఫిడవిట్, పోర్ట్‌ఫోలియో ఉన్నాయి, మూడు, అయిదు, ఎనిమిది తరగతుల్లో పరీక్షలు కూడా. దీనికీ ప్రోగ్రాం ఎంచుకోవడానికీ సంబంధం ఉంది. ఆ రాష్ట్రాల్లో గంటలు, పాఠాలు, మార్కులు తేదీలతో ప్రింటు తీసిచ్చే ప్రోగ్రాంకి డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. టెక్సస్‌లో మేము ఆ రిపోర్టుల కోసమే ఎక్కువ కట్టి ఒక్కటీ వాడలేదు.

ఇక ఖాన్ అకాడమీ. ఇది చాలామందికి యూట్యూబ్ వీడియోలుగానే తెలుసు. సల్మాన్ ఖాన్ (సినిమా నటుడు కాదు, అదే పేరున్న అమెరికన్) 2004లో దూరంగా ఉన్న కజిన్ నాదియాకి లెక్కలు చెప్పడంతో మొదలై, 2006లో వీడియోలయ్యి, 2008లో లాభాపేక్ష లేని సంస్థ అయ్యింది. ఆ వీడియోల్లో ఎక్కువ వాటిలో మనిషి ముఖం కనపడదు, నల్ల బోర్డు మీద రంగు పెన్ను కదులుతుంటే గొంతు వినపడుతుంది అంతే. మా వాడికి అది బాగా పట్టింది, పక్కన కూర్చుని రాసి చూపిస్తున్నట్టే ఉంటుంది. అయితే నేను దీన్ని ఎంచుకున్నది వీడియోల కోసం కాదు, ఎక్సర్‌సైజుల కోసం.

నా తప్పు సమాధానం పరీక్ష ఇక్కడా పెట్టాను. భిన్నాల కూడికలో చాలా ప్రశ్నలకి ఆప్షన్లు ఉండవు, సమాధానం మనమే టైప్ చెయ్యాలి. 4/10 కొట్టాను. ఇంకా సరిగ్గా రాలేదు, మళ్ళీ ప్రయత్నించు, లేదా సాయం తీసుకో అని వచ్చింది. సాయం నొక్కితే జవాబు ఒక్కసారిగా ఇవ్వలేదు. ముందు రెండు హారాలకీ సరిపోయే ఉమ్మడి హారం కావాలంది, ఇంకోసారి నొక్కితే 3/4 ని 9/12 గా మార్చింది, ఇంకోసారి నొక్కితే 1/6 ని 2/12 చేసింది, ఆ తర్వాతే 11/12. ఇలా ఒక్కో మెట్టు దిగుతుంది. అన్నిటికంటే నాకు నచ్చింది ఏమిటంటే, సాయం తీసుకుని సరిగ్గా కొట్టినా ఆ ప్రశ్న సరైనదాని లెక్కలోకి రాదు. మొదటిసారి తప్పు కొట్టి రెండోసారి దిద్దుకున్నా అంతే. సెట్టు మళ్ళీ చేస్తే వేరే లెక్కలొస్తాయి. అంటే నొక్కుకుంటూ పోయే దారి లేదు.

వాళ్ళ లెవెల్స్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, చాలామంది తల్లిదండ్రులు దీన్ని పట్టించుకోకుండా వీడియోలు చూపించి ఆపేస్తారు. ఒక స్కిల్‌లో కొన్ని ప్రశ్నలుంటాయి, 70 శాతం వస్తే ఫెమిలియర్, అన్నీ వస్తే ప్రొఫిషియెంట్. దానిపైన మాస్టర్డ్ అని ఒకటుంది, అది ఎక్సర్‌సైజు ఎన్నిసార్లు చేసినా రాదు. యూనిట్ టెస్టులోనో, మొత్తం కోర్సు మీద ఉండే కోర్స్ ఛాలెంజ్ అనే పరీక్షలోనో అదే రకం లెక్క మిగతావాటితో కలిసి వచ్చినప్పుడు చేస్తేనే వస్తుంది. అక్కడ తప్పు చేస్తే లెవెల్ కిందికి పడిపోతుంది. మొదటిసారి అలా పడిపోయినప్పుడు మా వాడు ఏడ్చినంత పని చేశాడు, "నేను ఆల్రెడీ చేసేశాను కదా" అని. పక్కన కూర్చుని, నిన్న గుర్తున్నది ఇవాళ గుర్తుందో లేదో అడుగుతోంది నాన్నా, అంతే, మార్కులు ఎవరూ చూడట్లేదు అని చెప్పాను. రెండు నెలలు పట్టింది వాడికి అది అలవాటవ్వడానికి. ఇప్పుడు కిందికి పడితే తనే పాత స్కిల్ తెరిచి చేసుకుంటున్నాడు. నా దృష్టిలో సొంతంగా చదువుకోవడం అంటే అదే, మనం లేనప్పుడు కుర్చీలో కదలకుండా కూర్చోవడం కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. వయసు చూసి అయిదో తరగతి కోర్సు తెరిచేయకండి. కిందటి తరగతి కోర్స్ ఛాలెంజ్ ముందు చేయించండి, 30 ప్రశ్నలుంటాయి, సాయం లేకుండా, పక్కన కాగితం పెట్టుకుని. మా వాడికి గుణకారాలు, భాగహారాలు బాగానే వచ్చాయి, భిన్నాల దగ్గర మాత్రం పెద్ద ఖాళీ తేలింది. మూడు బళ్ళు మారినప్పుడు పడిపోయిన ముక్క సరిగ్గా అదే. 'గెట్ రెడీ ఫర్' అని మూడో తరగతి నుంచి ప్రతి తరగతికీ ముందు చేసే కోర్సులు ఉన్నాయి, కింది తరగతుల్లోంచి కావాల్సినవి మాత్రమే ఏరి పెట్టారు. బళ్ళు మారిన పిల్లలకి, ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకి ఇవి చాలా పనికొస్తాయి. మాకు అయిదు వారాల్లో ఆ ఖాళీ నిండింది.

మా ఇంట్లో పెట్టుకున్న నియమం ఒకటుంది, దాని మీద నేను రాజీపడను. ప్రతి లెక్కా రూళ్ళ పుస్తకంలో రాసి చేయాలి, తర్వాతే టైప్ చేయాలి. తప్పు వస్తే కొట్టేయకూడదు, చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి కింద మళ్ళీ చేయాలి. ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ నేను ఆ ఎర్ర సున్నాలు మాత్రమే చూస్తాను. మార్చిలో ఒక వారం ఆ సున్నాలన్నీ ఒకే చోట ఉన్నాయి, హారం మారుస్తున్నాడు కానీ లవం మార్చడం మర్చిపోతున్నాడు. స్క్రీన్ అయితే తప్పు అని మాత్రమే చెప్తుంది, వాడు ఏ మెట్టు మీద జారుతున్నాడో పుస్తకమే చెప్పింది. పది నిమిషాలు కూర్చుని చెప్తే సరిపోయింది. పేరెంట్ అకౌంట్‌లో ఏ రోజు ఏం చేశాడు, ఎన్నింటికి ఎన్ని సరి, ఎంతసేపు అన్నది కూడా కనపడుతుంది. టైం కాలమ్ తప్పకుండా చూడండి. ఏడు ప్రశ్నలు ఒకటిన్నర నిమిషంలో అయిపోతే ఊహించి కొట్టాడనే అర్థం. ఇంకో చిట్కా, టీచర్ అకౌంట్ కూడా తెరిచి మీ పిల్లల్నే క్లాసుగా చేర్చుకోండి, అది కూడా ఉచితమే. అప్పుడు ఫలానా తేదీకి ఫలానా పాఠం అని మీరే ఇవ్వొచ్చు. ఖాన్ అకాడమీ తనంతట తాను రోజువారీ టైం టేబులు ఇవ్వదు కాబట్టి ఈ పని మీరు చేయాల్సిందే. ఆదివారం ఇరవై నిమిషాలు పడుతుంది నాకు.

దీన్నే మొత్తం చదువు అనుకోవద్దు. లెక్కలకి నేను కళ్ళు మూసుకుని చెప్తాను తీసుకోమని. సైన్స్‌కి సగం. ఇంగ్లీషులో గ్రామరు, చదివి అర్థం చేసుకోవడం వరకు ఫర్వాలేదు, కానీ పిల్లాడు రాసిన పేరా చదివి ఇక్కడ నీ మాట అర్థం కావట్లేదు అని చెప్పడానికి మనిషి కావాలి. ఏ ప్రోగ్రాం తీసుకున్నా రాత పని స్క్రీన్‌కి వదలకండి. మేము వారానికి ఒకసారి లైబ్రరీకి వెళ్తాం, ఒక పుస్తకం చదివి ఒక పేజీ రాయడం, నేను చదివి ప్రశ్నలడగడం, వాడు తిరగరాయడం, అంతే మా ఇంగ్లీషు. సైన్స్‌లో మిగతా సగానికి సీకే-12 ఉచిత పుస్తకాలు, కొలరాడో యూనివర్సిటీ వాళ్ళ ఫెట్ సిములేషన్లు వాడుతున్నాం. ఫెట్‌ని 2002లో మొదలుపెట్టింది నోబెల్ వచ్చిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్. అందులో కరెంటు సర్క్యూట్లు కట్టేది ఒకటుంది, బ్యాటరీ, వైర్లు, బల్బు లాగి కలుపుకోవచ్చు. మా అమ్మాయి బల్బు లేకుండా బ్యాటరీ రెండు చివర్లూ ఒకే వైరుతో కలిపేసింది, బ్యాటరీకి మంట అంటుకుంది స్క్రీన్ మీద. కెవ్వుమని అరిచి, మళ్ళీ కలిపి, మళ్ళీ మంట చూసి, ఆఖరికి మధ్యలో బల్బు పెడితే మంట ఎందుకు రాలేదని వచ్చి అడిగింది. ఆ ప్రశ్నతోనే రెండు రోజుల పాఠం నడిచింది.

అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఇంకా గడగడా చదవలేదు, ప్రశ్న చదివి అర్థం చేసుకునేలోపు విసుగొచ్చేస్తుంది. ఇలాంటి పిల్లలకి సొంతంగా చదువుకునే ప్రోగ్రాం అని దేన్నీ కొనకండి. రెండు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి ఖాన్ అకాడమీ కిడ్స్ అని వేరే యాప్ ఉంది, చదివి వినిపిస్తుంది, మంచిదే, కానీ నేను పక్కన ఉంటేనే అది మాకు చదువైంది, లేకపోతే ఆట.

డబ్బు పెట్టి కొనేవాటిలో టీచింగ్ టెక్స్ట్‌బుక్స్ గురించి చాలామంది అడుగుతారు. అది లెక్కలు మాత్రమే చెప్తుంది, హోమ్‌స్కూల్ పిల్లల కోసమే తయారైంది, ప్రీ కాల్కులస్ దాకా ఉంది. ప్రతి లెక్కకీ గొంతుతో మెట్టు మెట్టుగా వివరణ ఉంటుంది, పిల్లాడు ఏ ప్రశ్నకి ఆ వివరణ చూశాడో కూడా తల్లిదండ్రులకి తెలుస్తుంది. ఒక వరసలో పాఠం తర్వాత పాఠం వస్తుంది కాబట్టి ఆదివారం ప్లాను వేసే ఓపిక లేనివాళ్ళకి అది సుఖం. ఉచితంగా చూసే పాఠాలు ఉన్నాయి, మీ పిల్లాడి చేత చేయించి చూడండి. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలైతే ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ వాళ్ళది చూడండి, చిన్నవాళ్ళకి బీస్ట్ అకాడమీ అని కామిక్ బొమ్మలతో ఉంది, లెక్కలు గట్టిగా ఉంటాయి, రోజుకి నాలుగు చేసినా చాలు అన్నట్టు.

అమెరికాలో కొనేముందు ఇంకొకటి చూసుకోవాలి. ఇక్కడి హోమ్‌స్కూల్ ప్యాకేజీలు చాలావరకు క్రైస్తవ కుటుంబాల కోసం రాసినవి, మోనార్క్ లాంటివి బైబిల్ ఆధారంగానే పాఠాలు చెప్తాయి. కావాలనుకునే తెలుగు కుటుంబాలకి అది సరిగ్గా సరిపోతుంది. వద్దనుకునేవాళ్ళు సెక్యులర్ అని స్పష్టంగా ఉన్నదే తీసుకోవాలి. సైన్స్, హిస్టరీ శాంపిల్ పాఠాలు రెండు చదివితే ఏది ఏదో తెలిసిపోతుంది. అలాగే అక్రెడిటేషన్ అన్న మాట చూసి టెన్షన్ పడకండి. గుర్తింపు బడికి ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌కి కాదు. చిన్న తరగతుల్లో అది అడిగేవాళ్ళే లేరు. హైస్కూల్ వచ్చాక ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పట్టిక), కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీ, కాలేజీ స్థాయి ఏపీ పరీక్షల గురించి ఆలోచించాలి. ఎస్ఏటీకి కాలేజ్ బోర్డుతో కలిసి ఖాన్ అకాడమీ 2015 నుంచి ఉచితంగానే ప్రాక్టీసు ఇస్తోంది.

మా చెల్లెలు విజయవాడలో ఉంటుంది, తన పిల్లల కోసం ఇదే అడిగింది. అక్కడ పరిస్థితి వేరు. ఎన్సీఈఆర్టీ సిలబస్‌కి సరిపోయే లెక్కల కోర్సులు ఖాన్ అకాడమీలో ఉన్నాయి, ఎన్సీఈఆర్టీ పుస్తకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ప్రభుత్వం వాళ్ళ దీక్ష యాప్‌లో పాఠాలున్నాయి. కానీ చివరికి ఒక సర్టిఫికెట్ చేతికి రావాలి, దానికి దారి ఎన్ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్, లేదా రాష్ట్ర ఓపెన్ స్కూల్. ఎన్ఐఓఎస్ పదో తరగతికి 14 ఏళ్ళు నిండాలి, అయిదు సబ్జెక్టులు కావాలి, ఏప్రిల్-మేలో, అక్టోబర్-నవంబర్‌లో పరీక్షలుంటాయి, తెలుగు మీడియంలో కూడా రాయొచ్చు. అందుకని దానితో, ముందు ఆ సిలబస్ పుస్తకాలు బల్ల మీద పెట్టుకో, వాటికి సాయంగా ప్రోగ్రాం వాడు, తలకిందులు చేయకు అని చెప్పాను. మేము కూడా ఎప్పుడైనా తిరిగి వెళ్ళాల్సి రావొచ్చు కాబట్టి ఇద్దరికీ తెలుగు చదవడం, రాయడం నేర్పిస్తున్నాను. అదొక్కటీ కంప్యూటర్ లేకుండా, పెద్దబాలశిక్ష పక్కన పెట్టుకుని.

ఏడాదికి కట్టిన డబ్బు పోయినా ఆ ప్యాకేజీ ఏడో నెలలో మానేశాం. ఇప్పుడు లెక్కలకి మాకు అయ్యే ఖర్చు నోటుపుస్తకాలు, ఎర్ర పెన్సిళ్ళు. మీరు ఏది చూస్తున్నా కార్డు నంబరు ఇచ్చేముందు డెమో తెరిచి ఒక తప్పు జవాబు కొట్టండి. ఆ తర్వాత మీ పిల్లాణ్ణి కూర్చోబెట్టి అదే తప్పు వాడి చేత కొట్టించి, వాడి ముఖం చూడండి. మా వాడు నిన్న 5/8 లోంచి 1/3 తీసేసి 7/24 అని రాసి, టైప్ చేసేముందు నన్ను పిలిచి, "అమ్మా, ఇది సగం కంటే చిన్నదే కదా, అయితే సరిగ్గానే ఉండొచ్చు" అన్నాడు.